తిన్నది ఒంటబట్టేదెలా?

మార్కాపురం, గిద్దలూరు వైపు ఊళ్ళలో పెద్దవాళ్ళకు ఒక మాట అలవాటు. బక్కగా ఉన్న పిల్లవాణ్ణి చూస్తే, "తింటానే ఉండాడు గానీ ఒంటబట్టడం లేదు" అంటారు. ఈ మాటలో పెద్ద విషయమే ఉంది. తినడం వేరు. తిన్నది ఒంటబట్టడం వేరు. తినడం నోటి పని. ఒంటబట్టించుకోవడం ఒళ్ళంతా చేసే పని. పుస్తకాల్లో దీన్నే పోషణ అంటారు.

బతికి ఉన్న ప్రతిదీ బయట నుంచి ఏదో ఒకటి తీసుకుంటుంది. దాన్ని చిన్న చిన్నగా విడగొడుతుంది. పనికొచ్చేదాన్ని తనలో కలుపుకుంటుంది. పనికిరానిదాన్ని బయటికి పంపేస్తుంది. సజ్జరొట్టె తిన్న మనిషిలో ఆ రొట్టె నెత్తురవుతుంది, కండ అవుతుంది, నడిచే బలం అవుతుంది. అదే చేలో సజ్జచొప్ప తిన్న ఎద్దులో ఎద్దు కండ అవుతుంది. పొలం ఒకటే. తిన్న ప్రాణిని బట్టి తిండి మారిపోతుంది.

ఇదంతా ఎందుకు తెలుసుకోవాలి? 2019-21లో దేశమంతా కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళను 100 మందిని చూస్తే, సుమారు 59 మందికి రక్తం తక్కువగా ఉన్నట్టు అందులో తేలింది. వీళ్ళంతా పస్తులుండేవాళ్ళు కారు. చాలామంది మూడు పూటలా తినేవాళ్ళే. కడుపు నిండుతోంది, నెత్తురు నిండడం లేదు. మధ్యలో ఎక్కడో ఏదో జారిపోతోంది. అది ఎక్కడో తెలియాలంటే తిండి వచ్చే దారి మొదటి నుంచి చూడాలి. ఆ దారి పొలంలో మొదలవుతుంది.

చెట్టు ఏం తింటుంది?

"చెట్టు మట్టిని తిని పెరుగుతుంది" అని చాలామంది అనుకుంటారు. సుమారు 400 ఏళ్ళ కిందట బెల్జియం దేశంలో వాన్ హెల్మాంట్ అనే ఆయన దీన్ని తూకం వేసి చూశాడు. పెద్ద కుండీలో 90 కిలోల ఎండు మట్టి పోశాడు. అందులో రెండు కిలోలకు పైగా బరువున్న ఒక మొక్క నాటాడు. ఐదేళ్ళు నీళ్ళు మాత్రమే పోశాడు. ఐదేళ్ళకు ఆ చెట్టు 75 కిలోలు దాటింది. మట్టిని ఆరబెట్టి మళ్ళీ తూచాడు. తగ్గింది 60 గ్రాములు కూడా లేదు!

మరి అంత బరువు ఎక్కడి నుంచి వచ్చింది? నీళ్ళ నుంచే వచ్చిందని ఆయన అనుకున్నాడు. అది సగం నిజం. మిగతా సగం గాలి. మనం వదిలే ఊపిరిలో బొగ్గుపులుసు గాలి ఉంటుంది. ఆకు అడుగున కంటికి కనపడని సన్నటి రంధ్రాలుంటాయి. ఆ రంధ్రాల గుండా ఆకు ఈ గాలిని పీల్చుకుంటుంది. వేరు నుంచి నీళ్ళు వస్తాయి. పైన ఎండ ఉంటుంది. ఆకులోని పచ్చదనం ఎండ బలంతో గాలినీ నీటినీ కలిపి చక్కెర తయారు చేస్తుంది. ఈ వంట జరిగేటప్పుడు ప్రాణవాయువు బయటికి వస్తుంది. ఆ చక్కెరే తర్వాత గింజలో పిండి అవుతుంది, కాండంలో పీచు అవుతుంది, వేరుశనగలో నూనె అవుతుంది. ఎండలో మాడిపోతామని మనం తలగుడ్డ చుట్టుకునే వేళ, కందిచేను వంట చేసుకుంటూ ఉంటుందన్న మాట.

మట్టి నుంచి చెట్టుకు కావలసింది కొంచెమే. కానీ ఆ కొంచెం లేకపోతే పని జరగదు. నత్రజని, భాస్వరం, పొటాష్, ఇనుము, సున్నం లాంటివి నీటితో పాటు వేరులోకి పోతాయి. కందిమొక్కను పెరికి చూస్తే వేళ్ళకు చిన్న బుడిపెలుంటాయి. అది తెగులు కాదు. ఆ బుడిపెల్లో కంటికి కనిపించని జీవులు కాపురం ఉంటాయి. అవి గాలిలోని నత్రజనిని పట్టి కందికి ఇస్తాయి. కంది వాటికి చక్కెర ఇస్తుంది. అందుకే కందిపప్పులో మాంసకృత్తులు ఎక్కువ. మాంసకృత్తులు తయారు కావాలంటే నత్రజని కావాలి.

అన్ని మొక్కలూ ఇలా కష్టపడవు. పొగాకు చేలలో మల్లె అనే కలుపు వస్తుంది. పేరు మల్లె గానీ దీనికి పచ్చదనమే ఉండదు. పాలిపోయిన కాడతో పొగాకు మొదట్లో నుంచి పైకి వస్తుంది. దీని వేరు పొగాకు వేరును పట్టుకుని, అది వండుకున్న తిండిని లాగేస్తుంది. పొగాకు ఎదుగుదల ఆగిపోతుంది. పుట్టగొడుగుల దారి మరొకటి. అవి కుళ్ళిన ఆకును, చెక్కను కరిగించి పీల్చుకుంటాయి. సొంతంగా వండుకునేవి కొన్ని, ఒకరిది లాక్కునేవి కొన్ని, చచ్చినదాన్ని తినేవి కొన్ని. మనిషి మాత్రం ఆకులాగా వండుకోలేడు. ఎంతసేపు ఎండలో నిలబడినా మనిషి ఒంట్లో ఒక్క గింజ చక్కెర తయారు కాదు.

మేకకు అరిగేది మనిషికి అరగదు

నల్లమల అంచున మేకలు ముళ్ళకంపలు తిని బతుకుతాయి. గొర్రెలు ఎండు గడ్డి కొరుకుతాయి. ఆవుకు వరిగడ్డి వేస్తే పాలు ఇస్తుంది. మనిషి గడ్డి తింటే ఏమవుతుంది? కడుపు నొప్పి వస్తుంది. గడ్డిలో ఉన్నది కూడా చక్కెరతో అల్లిన పీచే. కానీ ఆ అల్లికను విప్పే శక్తి మనిషి పేగులకు లేదు.

నిజం చెప్పాలంటే ఆవుకు కూడా లేదు! ఆవు కడుపులో నాలుగు అరలుంటాయి. మొదటి అర పెద్ద కాగులాంటిది. అందులో కోట్లాది సూక్ష్మజీవులుంటాయి. గడ్డిని పులియబెట్టి విప్పేది అవే. ఆవు తీరిక వేళ కూర్చుని ఆ గడ్డిని మళ్ళీ నోట్లోకి తెచ్చుకుని నములుతుంది. దాన్నే నెమరువేయడం అంటాం. మనిషి తినలేనిదాన్ని పాలుగా, మాంసంగా మార్చి ఇచ్చే పని పశువు చేస్తోంది. వాన సరిగ్గా పడని ఈ వైపు ఊళ్ళలో గొర్రె, మేక, గేదె ఇంటికి ఆధారం కావడానికి ఇది ఒక కారణం. పంట పోయిన చేలో కూడా పశువుకు ఏదో ఒకటి దొరుకుతుంది.

నోటి నుంచి నెత్తురు దాకా

ఇక మనిషి సంగతి. ఒక సజ్జరొట్టె ముక్క నోట్లో పెట్టుకుని మింగకుండా బాగా నమిలి చూడండి. కాసేపటికి కొంచెం తియ్యగా అనిపిస్తుంది. రొట్టెలో బెల్లం వేయలేదు గదా, తీపి ఎక్కడిది? ఉమ్మిలో ఉన్న ఒక రసం పిండిని విడగొట్టి చక్కెర చేయడం మొదలుపెట్టింది. ఒంటబట్టే పని నోట్లోనే మొదలవుతుంది. సరిగా నమలకుండా మింగేవాళ్ళు ఆ పనిని కడుపు మీద వేస్తారు.

కడుపులో పులుపు రసం ఉంటుంది. పప్పు, గుడ్డు, మాంసం లాంటివాటిలో ఉండే మాంసకృత్తులు అక్కడ విడిపోవడం మొదలవుతుంది. తర్వాత చిన్నపేగు. పేరుకే చిన్నది. పొడవు 20 అడుగుల దాకా ఉంటుంది. కాలేయం నుంచి పైత్యరసం వచ్చి నూనెను సన్నటి తుంపరలుగా చేస్తుంది. క్లోమం నుంచి వచ్చే రసాలు మిగతా వాటిని విడగొడతాయి. పేగు లోపలి గోడ నున్నగా ఉండదు. తువ్వాలు మీద నూలుపోగుల్లాగా లక్షల కొద్దీ సన్నటి పోగులుంటాయి. ఆ మడతలన్నీ విప్పి పరిస్తే ఒక చిన్న ఇంటి నేలంత అవుతుంది. కరిగిన తిండి ఈ పోగుల గుండా నెత్తురులోకి పోతుంది.

ఈ గడప దాటితేనే తిండి ఒంట్లోకి వచ్చినట్టు. అప్పటిదాకా అది పేగులో ఉన్నా బయట ఉన్నట్టే లెక్క. విరేచనాలు పట్టుకున్న పిల్లవాడు తిన్నది తిన్నట్టు పోతాడు. అతను తిన్న తిండి గడప దాకా వచ్చి తిరిగిపోయింది.

నెత్తురులోకి వచ్చిన తిండి రెండు పనులు చేస్తుంది. ఒకటి కట్టడం. కండ, ఎముక, నెత్తురు, చర్మం, గోరు, వెంట్రుక అన్నీ తిండితో కట్టినవే. కట్టిన తర్వాత అలాగే ఉండిపోవు కూడా. ఒక ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. తర్వాత చచ్చిపోతుంది. దాని చోట కొత్తది రావాలి. ఎముక కూడా రోజూ కొంచెం కరుగుతూ, కొంచెం కట్టుకుంటూ ఉంటుంది.

రెండోది బలం ఇవ్వడం. చక్కెర ఒంట్లో నెమ్మదిగా కాలుతుంది. పొయ్యిలో కట్టె కాలినట్టు మంట రాదు. వచ్చిన శక్తిని ఒక పదార్థం మోసుకుపోయి కండకు ఇస్తుంది. దాని పేరు ఏటీపీ. దీన్ని 1929లో కనుగొన్నవాళ్ళలో ఒక తెలుగువాడు ఉన్నాడు. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టాడు. మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్ళాడు. అక్కడ ఫిస్కె అనే ఆచార్యునితో కలిసి ఈ పదార్థాన్ని కండలో గుర్తించాడు. అదే కాలంలో జర్మనీలో లోమన్ కూడా గుర్తించాడు. పార ఎత్తే చేతికి, పలకల గనిలో రాయి చీల్చే చేతికి, పలక మీద అక్షరం దిద్దే చేతికి కూడా బలం చేరేది దీని ద్వారానే.

సుబ్బారావు పేరు ఇంకోసారి వస్తుంది. రక్తం సంగతి దగ్గర.

కంచం మారింది

మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం, కనిగిరి వైపు మెట్టపొలాలు ఎక్కువ. కంభం చెరువు కింద వరి పండుతుంది. అలాంటి చోట్లు తక్కువ. పాతకాలంలో మెట్టలో సజ్జ, జొన్న, కొర్ర, వరిగ, ఆరిక పండేవి. కంచంలో కూడా అవే ఉండేవి. కొర్రన్నం, జొన్నసంగటి, సజ్జరొట్టె, అంబలి తినేవాళ్ళు. వరి అన్నం పండక్కో, చుట్టం వస్తేనో వండేవాళ్ళు.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. కరువు చూసిన ఇళ్ళలో అది ఆకలి తీర్చింది. అందులో అనుమానం లేదు. రోటి పోటు, దంపుడు బాధ తప్పినందుకు ఆడవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. సజ్జలు దంచి, చెరిగి, విసిరి, రొట్టె తట్టడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుసు. అయితే కంచంలోకి తెల్లన్నం వచ్చినప్పుడు సజ్జ, కొర్ర పక్కకు పోయాయి. వాటితో పాటు కొన్ని కంటికి కనపడనివి కూడా పోయాయి.

లెక్క చూద్దాం. 100 గ్రాముల సజ్జల్లో 6 నుంచి 8 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. మరపట్టిన తెల్లబియ్యంలో ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. 100 గ్రాముల రాగుల్లో కాల్షియం, అంటే సున్నం, 340 మిల్లీగ్రాములకు పైనే. తెల్లబియ్యంలో 10 మిల్లీగ్రాముల దగ్గర. కొర్రల్లో, సజ్జల్లో మాంసకృత్తులు బియ్యంలో కంటే ఎక్కువ. కష్టం చేసే ఆడమనిషికి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలని 2020లో జాతీయ పోషకాహార సంస్థ లెక్క కట్టింది. మగవాళ్ళకు 19 చాలు. ఆడవాళ్ళకు నెలనెలా కొంత నెత్తురు పోతుంది గనక ఎక్కువ కావాలి. రోజుకు 400 గ్రాముల తెల్లబియ్యం వండుకు తిన్నా మూడు మిల్లీగ్రాములకు మించి రాదు. మిగిలినదంతా పప్పులోంచి, ఆకుకూరలోంచి, గుడ్డులోంచి, మాంసంలోంచి రావాలి.

మరి ఇంట్లో ఏం జరుగుతోంది? మగవాళ్ళకు, పిల్లలకు పెట్టాక ఇంటి ఆడమనిషి చివర్న కూర్చుంటుంది. అప్పటికి గిన్నెలో పప్పు అడుగంటి ఉంటుంది. చారునీళ్ళు, పచ్చడి కలుపుకుని తింటుంది. ఇనుము ఎక్కువ కావలసిన మనిషికి ఇనుము తక్కువ ఉన్న కంచం మిగులుతోంది.

బియ్యాన్ని తిట్టి లాభం లేదు. మరపట్టడం వల్ల పోయేది ఎక్కువ. వడ్లగింజ పైన పలుచటి తవుడు పొర ఉంటుంది. బి విటమిన్లు, కొంత ఇనుము అందులోనే ఉంటాయి. గింజ ముత్యంలా తెల్లగా ఉండాలని ఆ పొర తీసేస్తారు. తర్వాత బియ్యం మూడు నాలుగుసార్లు కడిగి, గంజి వార్చి పారబోస్తే ఉన్న కాస్త బి విటమిన్ కూడా పోతుంది. ఇది వట్టి మాట కాదు. వెనక మద్రాసు రాష్ట్రంలో, మన కోస్తా జిల్లాల్లో తెల్లటి మరబియ్యం తినేవాళ్ళకు బెరిబెరి జబ్బు వచ్చేది. కాళ్ళు తిమ్మిరెక్కేవి. వాపులు వచ్చేవి. గుండె బలహీనపడేది. ఉప్పుడు బియ్యం తినేచోట ఈ జబ్బు రాలేదు. వడ్లను ముందే ఉడకబెట్టడంతో విటమిన్ తవుడులోంచి గింజలోకి ఇంకుతుంది. బెరిబెరి సంగతి తేల్చడానికి 1918లో కూనూరులో ఒక గదిలో చిన్న ప్రయోగశాల పెట్టారు. అదే పెరిగి 1958లో హైదరాబాదుకు వచ్చింది. ఇప్పుడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే.

అలాగని పాత తిండి అమృతం అనుకోవడం కూడా పొరపాటే. దక్కను పీఠభూమిలో జొన్న మీదనే బతికే పేద కూలీలకు పెల్లాగ్రా అనే జబ్బు వచ్చేది. ఎండ తగిలే మెడ, చేతుల మీద చర్మం నల్లబడి పొలుసులు లేచేది. 1960 ప్రాంతంలో డాక్టర్ సి. గోపాలన్, ఆయన తోటివాళ్ళు హైదరాబాదులో దీని మీద పని చేశారు. జొన్న చెడ్డది కాదు. జొన్న ఒక్కటే తినడం చెడ్డది. బియ్యం ఒక్కటే తినడం కూడా అలాంటిదే. ఏ గింజలోనూ అన్నీ ఉండవు. బియ్యంలో, సజ్జలో తక్కువైన ఒక రకం మాంసకృత్తి ముక్క కందిపప్పులో దండిగా ఉంటుంది. పప్పులో తక్కువైన ముక్క గింజలో ఉంటుంది. పప్పన్నం, కిచిడి, పెసరట్టు, ఉలవచారుతో సంగటి కుదిరిన జోడీలు. ఈ జోడీలు కుదిర్చిన ఆడవాళ్ళెవరూ లెక్కలు చదువుకోలేదు.

ఇనుము ఉన్నా నెత్తురులోకి పోదు

ఇక్కడ ఒక చిక్కు ఉంది. తిండిలో ఇనుము ఉన్నంత మాత్రాన పేగు గడప దాటదు. గింజల్లో, ఆకుల్లో ఉండే ఇనుము మొండిది. అందులో కొద్ది భాగమే నెత్తురులో చేరుతుంది. మిగిలింది మలంతో పోతుంది. సజ్జల్లో ఉన్న 6 మిల్లీగ్రాములూ ఒంటబట్టవు. గింజలోనే ఉండే ఒక పదార్థం ఇనుమును పట్టుకుని వదలదు. గింజలు నానబెట్టినా, మొలకెత్తించినా, పిండి పులియబెట్టినా ఆ పట్టు సడలుతుంది. రాత్రి పులియబెట్టిన అంబలి వెనక ఈ గుణం ఉంది.

పులుపు ఇనుముకు తోడు. నిమ్మకాయ, ఉసిరికాయ, జామకాయల్లో సి విటమిన్ ఉంటుంది. అది పక్కన ఉంటే ఇనుము గడప దాటడం తేలికవుతుంది. తోటకూర పప్పు దించాక నిమ్మకాయ పిండుకోవాలి. పొయ్యి మీద ఉండగా పిండితే వేడికి సి విటమిన్ పోతుంది. నల్లమల ఉసిరికాయ సంతకు వచ్చే రోజుల్లో రోజుకు ఒక్కటి కొరికినా మేలే.

టీ ఇనుముకు శత్రువు. అన్నం తిన్న వెంటనే టీ తాగితే అందులోని వగరు ఇనుమును పట్టేస్తుంది. టీ మానమని ఎవరూ అనడం లేదు. కూలికి పోయే మనిషికి టీ నీళ్ళే ఓదార్పు. అన్నానికీ టీకీ మధ్య గంట, రెండు గంటల ఎడం ఉంటే చాలు.

ఇనుము చేరినా, దాన్ని దొంగిలించేవి ఉన్నాయి. కొంకి పురుగులు. ఆరుబయట మలం మీద నుంచి ఇవి మట్టిలోకి వస్తాయి. చెప్పులు లేని పాదం చర్మంలో దూరి, ఒళ్ళంతా తిరిగి పేగుకు చేరతాయి. అక్కడ గోడను పట్టుకుని నెత్తురు తాగుతాయి. పొగాకును పట్టుకున్న మల్లెలాగానే! 2015 నుంచి బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లలకు నులిపురుగుల మాత్రలు ఇవ్వడం మొదలైంది ఇందుకే. మరుగుదొడ్డి, కాళ్ళకు చెప్పులు కూడా పోషణలో భాగమే అంటే కొందరు నవ్వుతారు. కానీ అది నిజం.

రక్తానికి ఇనుము ఒక్కటే చాలదు. ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ కూడా కావాలి. పచ్చటి ఆకుకూరల్లో, పప్పుల్లో ఉంటుంది. ఎక్కువసేపు ఉడికిస్తే చాలావరకు పోతుంది. ఇక్కడ మళ్ళీ సుబ్బారావు వస్తాడు. ఆయన సొంత అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. స్ప్రూ అంటే తిన్నది ఒంటబట్టని జబ్బే. పేగు పోగులు దెబ్బతిని, తిండి నెత్తురులోకి పోక, మనిషి రక్తం లేక పాలిపోతాడు. 1940ల్లో అమెరికాలో లెడర్లీ కంపెనీలో సుబ్బారావు నడిపించిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. స్ప్రూ జబ్బుకు, ఒక రకం రక్తహీనతకు మందు దొరికింది. 1948లో ఆయన చనిపోయాడు. ఆరోగ్య ఉపకేంద్రంలో గర్భిణులకు ఇచ్చే మాత్రలో ఇనుముతో పాటు ఉన్నది ఆ ఫోలిక్ ఆమ్లమే.

ఆ మాత్రలు చాలా ఇళ్ళలో గూట్లోనే ఉండిపోతాయి. ఆశా కార్యకర్త అడిగితే, "మింగితే కడుపులో తిప్పుద్దక్కా, దొడ్డికి నల్లగా పోతాంది, బిడ్డకేమన్నా అయిద్దేమోనని ఆపేసినా" అంటారు. నల్లగా పోవడం మామూలే. ఒంటబట్టగా మిగిలిన ఇనుము రంగు అది. బిడ్డకు ఏమీ కాదు. తిప్పుతుంటే అన్నం తిన్నాక, రాత్రి పడుకునే ముందు మింగవచ్చు. టీతో, పాలతో మింగకూడదు. గర్భం నాలుగో నెల నుంచి 180 రోజులు, కాన్పు అయ్యాక 180 రోజులు వాడాలని ప్రభుత్వ పద్ధతి.

రేషన్ బియ్యం సంగతి కూడా ఒక మాట. 2024 మార్చి నాటికి దేశమంతా రేషన్‌లో బలవర్ధక బియ్యం ఇచ్చే పథకం అమలైంది. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ కలిపి గింజల్లాగా అచ్చుపోస్తారు. ఆ పథకంలో 100 బియ్యపు గింజలకు అలాంటి గింజ ఒకటి కలిపారు. అవి రంగులో కొంచెం తేడాగా ఉంటాయి. నీళ్ళలో వేస్తే కొన్ని తేలతాయి. "ప్లాస్టిక్ బియ్యం వచ్చాయి" అని చాలా ఊళ్ళలో పుకారు లేచింది. చేటలో పోసి ఆ గింజల్నే ఏరి పారేశారు. ఇనుము ఉన్న గింజను ఏరేసి, లేని గింజను వండుకున్నారన్న మాట! అలాంటి గింజ కనిపిస్తే అది ప్లాస్టిక్ కాదు. తినదగినదే.

నీళ్ళు కూడా తిండే

ఒంటికి ఒక గుణం ఉంది. తనకు ఏది అందితే దానితోనే కడుతుంది. సున్నం కోసం చూసే ఎముకకు ఫ్లోరైడ్ అందితే దాన్ని కూడా కలిపి కట్టేస్తుంది. ఈ వైపు ఊళ్ళకు ఇది చదువుకోవలసిన పాఠం.

1937లో మద్రాసు రాష్ట్రంలో, అప్పటి నెల్లూరు జిల్లాలో వైద్యులు ఒక జబ్బును గుర్తించి రాశారు. నడుములు బిగుసుకుపోయి వంగలేని మనుషుల్ని చూశారు. పళ్ళ మీద గోధుమరంగు గార పట్టి ఉంది. కారణం తాగే నీళ్ళలోని ఫ్లోరైడ్ అని తేల్చారు. ఈ జబ్బునే ఫ్లోరోసిస్ అంటారు. మనదేశంలో ఇది వెలుగులోకి వచ్చింది అలా. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరు నుంచి కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఊళ్ళు ఇందులో కలిశాయి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లా నుంచి వచ్చాయి.

ఫ్లోరైడ్ రాళ్ళలో ఉంటుంది. నీరు ఆ రాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి ఉంటే కరిగి కలుస్తుంది. వాన తక్కువై, బోర్లు లోతుకు పోయేకొద్దీ చాలాచోట్ల ఇది ఎక్కువైంది. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము దాటకూడదు. వేరే దారి లేని చోట ఒకటిన్నర దాకా మాత్రమే ఒప్పుకుంటారు. రంగు, వాసన, రుచి చూసి ఫ్లోరైడ్ ఉందో లేదో చెప్పలేం. పరీక్ష చేయించాలి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో చేస్తారు.

కొందరు నీళ్ళు మరగబెట్టి తాగితే చాలనుకుంటారు. మరగబెడితే సూక్ష్మజీవులు చస్తాయి. ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్ళలో అది ఇంకా చిక్కనవుతుంది. వాననీరు, చెరువు లేదా నది నుంచి శుద్ధి చేసి తెచ్చిన నీరు, ఫ్లోరైడ్ తీసే యంత్రం నుంచి వచ్చిన నీరు తాగడానికి, వండడానికి వాడాలి. బోరు నీళ్ళు స్నానానికి, బట్టలకు వాడుకోవచ్చు. వంట సంగతి చాలామంది మరచిపోతారు. పప్పు ఉడికిన నీళ్ళు పప్పులోనే ఉంటాయి. అంబలి దాదాపు నీళ్ళే. తాగడానికి మంచినీళ్ళు కొని, వంటకు బోరు నీళ్ళు పోస్తే సగం పనే అయినట్టు.

తిండి ఇక్కడ కూడా అడ్డం నిలబడుతుంది. పాలు, మజ్జిగ, రాగులు, మునగాకు తినేవాళ్ళకు సున్నం బాగా అందుతుంది. కడుపులో సున్నం దండిగా ఉంటే ఫ్లోరైడ్ కొంత దానితో కలిసి మలంతో బయటికి పోతుంది. ఒకే బోరు నీళ్ళు తాగే రెండిళ్ళలో గేదె ఉన్న ఇంటికీ లేని ఇంటికీ తేడా రావడం ఇందువల్లే. అయితే పాలు తాగుతున్నాం గదా అని చెడ్డ నీళ్ళు తాగుతూ పోతే మాత్రం ఎముక ఊరుకోదు.

ఎండాకాలంలో మంచినీళ్ళు ఇంటికి ఒక బిందెకే సరిపోయే రోజులుంటాయి. అప్పుడు ఆ బిందె ఎవరిది? పాలపళ్ళ కింద పిల్లలకు అసలు పళ్ళు తయారయ్యేది పుట్టిన దగ్గర నుంచి సుమారు ఎనిమిదేళ్ళ లోపు. ఆ వయసులో తాగిన ఫ్లోరైడ్ మచ్చ బతికినంత కాలం పంటి మీద ఉంటుంది. తోమితే పోదు. ఆ వయసులో పిల్లల ఎముకలు కూడా పెరుగుతుంటాయి. కడుపుతో ఉన్న తల్లి ఒంట్లో ఇంకొకరి ఎముకలు కడుతున్నారు. కనుక ఆ ఒక్క బిందె ముందు ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకూ, గర్భిణికీ, పాలిచ్చే తల్లికీ పెట్టి, వాళ్ళ అన్నం, అంబలి కూడా ఆ నీళ్ళతోనే వండాలి. బిందె మీద సుద్దముక్కతో "తాగేవి" అని రాసి పెడితే, ఇంట్లో ఎవరూ తెలియక చెంబు ముంచి కాళ్ళు కడుక్కోరు.